సంఘము పేజీకి పలుకదగిన చిరునామా

మారుటేరు వరి పరిశోధనా కేంద్రమువారు 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 అను వంగడమును ఆ అంకెతో అడిగి కొన్న రైతు అరుదు. "స్వర్ణ" అన్న ఒక్క మాట చాలును. గోదావరి డెల్టాలోనే గాక ఒడిశా, బెంగాలు రైతులకు గూడ ఆ మాట తెలియును. 1986లో బాపట్ల నుండి వచ్చిన బి.పి.టి. 5204కు "సాంబ మసూరి" అను పేరు లేకున్నచో అది పట్టణముల వంట ఇండ్ల వరకు అంత త్వరగా చేరెడిది కాదేమో. అంకె పరిశోధకునకు అవసరము, రికార్డునకు అవసరము. నలుగురి నోట నడచుటకు పేరు కావలెను.

ఈ ప్రస్తావన ఇప్పుడు ఎందుకనగా, మన గ్రామములలో అనేక సంఘములు తమ సరుకును నేరుగా వాడుకరికి అమ్మదలచి ఫేస్‌బుక్‌లో పేజీలు తెరచుచున్నవి. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పు పథకమును ప్రారంభించిన పిమ్మట ఈ ప్రయత్నము మరింత హెచ్చినది. పేజీ తెరచుట కష్టము కాదు, ఖర్చు అసలే లేదు. అయితే తెరచిన నాడు ఆ పేజీకి లభించు చిరునామా అంకెల మయము. "ఫేస్‌బుక్ డాట్ కామ్" అన్న పిమ్మట "ప్రొఫైల్" అను మాట, కొన్ని గుర్తులు, ఆపైన పదునాలుగు పదునైదు అంకెలు వరుసగా నుండును. దీనిని సంచిపై అచ్చు వేయించినచో చదువువాడుండడు. ఫోనులో చెప్పినచో వ్రాసికొనువాడుండడు. సంతలో కంది పప్పు రుచి చూచి "మరల ఎక్కడ దొరుకును?" అని అడిగిన గృహిణికి ఆ అంకెలు ఏకరువు పెట్టలేము గదా.

ఈ అంకెలకు బదులుగా మనము కోరుకొన్న పేరును చిరునామాగా పెట్టుకొను సౌకర్యము కలదు. దీనినే యూజర్‌నేమ్ అందురు. ఫేస్‌బుక్‌వారు 2009 జూన్ 13న ఈ పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆ మొదటి దినములలో వేయిమంది అభిమానులున్న పేజీలకే పేరు ఇచ్చిరి. తరువాత ఆ సంఖ్యను ఇరువదియైదు వరకు తగ్గించిరి. నేడు చిన్న సంఘము గూడ పేరు కోరవచ్చును. దీనికి రుసుము లేదు. "మీ పేజీకి పేరు రిజిస్టరు చేయించెదము, రెండువేలు పంపుడు" అని ఎవరైన ఫోను చేసినచో అది మోసమని ఎరుగవలెను.

మన పెద్దలకు ఇది పూర్తిగా కొత్త విషయమేమీ కాదు. పూర్వము వర్తక సంస్థలవారు తమ ఉత్తరములపై పోస్టు చిరునామా క్రింద "తంతి" అని వ్రాసి ఒక్క పొట్టి మాట అచ్చు వేయించెడివారు. ఆ మాటను తంతి కార్యాలయములో రుసుము చెల్లించి నమోదు చేయించుకొన్నచో, దూరమునుండి తంతి ఇచ్చువారు పూర్తి చిరునామాకు బదులు ఆ ఒక్క మాటతో పని జరుపుకొనెడివారు. ఒకరు నమోదు చేయించుకొన్న మాట అదే కార్యాలయము క్రింద మరొకరికి దొరకదు. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది గాని, ఆ నియమము మాత్రము యూజర్‌నేములో అట్లే నిలిచియున్నది. ముందు అడిగినవారిదే పేరు.

పేరునకు గల హద్దులు

ఏ పేరు పడితే ఆ పేరు ఒప్పరు. ఫేస్‌బుక్ పేజీకి పైన కనబడు పేరును తెలుగులో వ్రాసికొనవచ్చును గాని, చిరునామాలోని పేరు మాత్రము ఇంగ్లీషు అక్షరములతోను, అంకెలతోను, చుక్కతోను మాత్రమే యుండవలెను. ఐదు అక్షరములకు తక్కువ కారాదు, ఏబదికి మించరాదు. మాటల నడుమ ఖాళీ వదలుటకు వీలులేదు. చుక్కలకు, పెద్ద అక్షరము చిన్న అక్షరము అను భేదమునకు అక్కడ విలువ లేదు; చుక్క పెట్టినను, తీసివేసినను ఒకే పేరుగా ఎంతురు. కనుక ఒకరు తీసికొన్న పేరును మరొకరు చుక్క కలిపి కాజేయలేరు. ఇది మంచి ఏర్పాటు.

పేజీ ఒక్క ఫేస్‌బుక్‌తో ఆగదు. నేడు కాకున్న రేపు సంఘమువారు యూట్యూబులో వీడియోలు పెట్టుదురు, ఇన్‌స్టాగ్రాములో తోట ఫొటోలు పెట్టుదురు. ఒక్కొక్కచోట ఒక్కొక్క పేరున్నచో కొనుగోలుదారు తికమకపడును. అందుచేత అన్నిచోట్ల చెల్లు పేరును మొదటనే ఎన్నుకొనుట మేలు. యూట్యూబువారు 2022 అక్టోబరులో ప్రవేశపెట్టిన హ్యాండిల్ అను పేరునకు మూడు మొదలు ముప్పది అక్షరముల వరకు హద్దు. ఇన్‌స్టాగ్రాములో గూడ ముప్పదియే గరిష్ఠము. టెలిగ్రాములో ఐదు మొదలు ముప్పదిరెండు. 2023 వరకు ట్విట్టరు అనబడిన ఎక్స్‌లో పదునైదు అక్షరములకు మించరాదు. ఇక గుర్తుల విషయమున, ఫేస్‌బుక్ చుక్కను ఒప్పును గాని అడుగుగీతను ఒప్పదు. ఎక్స్, టెలిగ్రాము అడుగుగీతను ఒప్పును గాని చుక్కను ఒప్పవు. వీటన్నిటిని కలిపి చూచినచో లెక్క తేలికగా తేలుచున్నది. చుక్కలు, గీతలు లేక, అక్షరముతో మొదలై, ఐదింటికి తగ్గక పదునైదింటికి మించని పేరు ఈ అన్నిచోట్ల చెల్లును.

పదునైదు అక్షరములు చాలవా యని అడుగవచ్చును. "తాండూరు కంది" అను రెండు మాటలు ఇంగ్లీషు అక్షరములలో పదునొకండే. బంగినపల్లి మామిడివారికి మాత్రము చిక్కు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందినపుడు ఆ ఊరి పేరును వ్రాసిన తీరున లెక్కించినచో ఊరికే పదుమూడు అక్షరములు ఖర్చగును. "మామిడి" అను అర్థము గల ఇంగ్లీషు మాటకు చోటు మిగలదు. వారు తమ గ్రామము పేరు, పంట పేరు కలిపి పొట్టిగా కూర్చుకొనుట మంచిది.

"రైతు"ను ఎట్లు వ్రాయుదుము?

అసలు చిక్కంతయు ఇందున్నది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుటకు మనకు స్థిరమైన అలవాటు లేదు. "రైతు" అను మాటనే చూడుడు. ఆర్, వై, టి, హెచ్, యు అని వ్రాయువారు కొందరు. ఆర్ తరువాత ఏ, ఐ అని వ్రాయువారు కొందరు. "తు"కు హెచ్ ఎందుకని దానిని వదలువారు మరికొందరు. ఇట్లు ఒక్క మాటకు మూడు రూపములైనచో, సంఘము ఒక రూపమును తీసికొని, వాడుకరి వేరొక రూపమును ఫోనులో కొట్టినచో, అతడు మరొకరి పేజీకి పోవును. సరుకు బాగున్నను బేరము పోవును.

నా అభిప్రాయములో, ప్రజల కంటికి అలవాటైన రూపమునే తీసికొనవలెను, అది భాషాశాస్త్రమునకు సరిపోయినను సరిపోకున్నను. 1999లో రైతు బజారులు తెరచిన నాటినుండి బోర్డులపై "వై" గల రూపమే కనబడుచున్నది. తరువాతి పథకములు గూడ ఆ రూపమునే అనుసరించినవి. కనుక "రైతు"కు అదే మంచిది. "మసూరి"కి ఇంత స్పష్టత లేదు. యు ఒకటియా, ఓ రెండా, నడుమ హెచ్ కలదా అను మూడు సందేహములు కలవు. అట్టి మాటను తప్పించుటయే తెలివి.

అర్థము గూడ గమనింపవలెను. "తాండూరు"ను ఓ అక్షరములు రెండు పెట్టి వ్రాసినచో ఉత్తర దేశీయుడు దానిని రొట్టెల పొయ్యి అనుకొనును. "కంది" అను మాట తెలుగువానికి పప్పు. ఇతరులకు మిఠాయి పేరువలె వినబడును. సంగారెడ్డి వద్ద అదే పేరుతో ఒక ఊరును కలదు. సరుకు తెలుగు జిల్లాలలోనే అమ్ముడుపోవునదైన ఇబ్బంది లేదు. బొంబాయి, ఢిల్లీ బేరములపై కన్నున్నచో, పంట పేరును అక్కడివారికి తెలిసిన మాటతో పెట్టవలెను. పసుపు రైతులు ముఖ్యముగా దీనిని ఆలోచింపవలెను.

పరీక్ష సులభము. సంఘమువారు రెండు మూడు పేర్లు అనుకొని, ఈ విషయము తెలియని ముగ్గురికి ఫోను చేసి, అక్షరములు విడదీయక ఆ పేరును ఒక్కసారి పలికి, ఇంగ్లీషులో వ్రాసి వాట్సాపులో పంపుమని కోరవలెను. ముగ్గురు ఒకే తీరున వ్రాసిన పేరు పనికివచ్చును. ముగ్గురు మూడు తీరులుగా వ్రాసినచో, ఎంత ముద్దైన పేరైనను వదలివేయవలెను. బడి పిల్లలచేత గూడ ఒకమారు వ్రాయించి చూచుట మంచిది. వారే మన కంటె ఎక్కువగా ఈ అక్షరములు కొట్టువారు.

పేరులో చేర్చరానివి

ఆ సంవత్సరపు అంకెను చేర్చరాదు. రెండేండ్లకే అది పాత సంచివలె కనబడును. అధ్యక్షుని పేరు, ఇంటి పేరు చేర్చినచో ఎన్నిక మారిన నాడు తగవు వచ్చును. జిల్లా పేరు చేర్చుటకు గూడ తొందరపడరాదు. 2016లో తెలంగాణ జిల్లాలను, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలను పునర్విభజించినపుడు ఎన్నో గ్రామములు రాత్రికి రాత్రి వేరొక జిల్లాలోనికి పోయినవి. పాత జిల్లా పేరుతో అచ్చైన కాగితములన్నియు వృథా అయినవి. ప్రభుత్వ పథకముల పేర్లును అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో తెరచిన రైతు భరోసా కేంద్రములకు 2024లో రైతు సేవా కేంద్రములని పేరు మారినది. పథకము పేరుతో పేజీ చిరునామా పెట్టుకొన్న సంఘము ప్రతి మార్పునకు వెనుక పరుగెత్తవలసి యుండును. అదియును గాక, చూచువారు అది ప్రభుత్వ పేజీ యని భ్రమపడుదురు.

పంచాయతీ పేజీలకు ఇక్కడ ఒక మాట. రామాపురములు, కొత్తపల్లెలు, వెంకటాపురములు రెండు రాష్ట్రములలో ఎన్నియున్నవో పంచాయతీ కార్యదర్శులకు తెలియనిది కాదు. గ్రామము పేరు ఒంటిగా దొరకుట దుర్లభము. గ్రామము పేరునకు మండలము పేరును పొట్టిగా జోడించుట చాలును.

భౌగోళిక గుర్తింపు పొందిన పేర్ల విషయమున జాగ్రత్త యవసరము. 2022లో గుర్తింపు పొందిన తాండూరు కంది పేరును ఆ ప్రాంతము వెలుపల పండిన పప్పు అమ్ముటకు వాడుట 1999 నాటి చట్టమునకు విరుద్ధము. పేజీ చిరునామాలో వాడినను వాడుకయే. ఆ ప్రాంతపు రైతులైనను, ఆ పేరుతో వ్యాపారము చేయుటకు ముందు అధికృత వినియోగదారుగా నమోదు చేయించుకొనుట మంచిది.

పేరు పెట్టు విధము

పేజీపై పూర్తి అధికారము గలవారే ఈ పని చేయగలరు. వారు తమ ఖాతాలో ప్రవేశించి, అక్కడినుండి సంఘము పేజీలోనికి మారి, "సెట్టింగ్స్" తెరవవలెను. మెనూల అమరికను సంస్థవారు తరచు మార్చుచుందురు గనుక ఇన్నవ మెట్టు, ఇన్నవ మీట అని చెప్పుట దండుగ. "యూజర్‌నేమ్" అను మాట ఎక్కడున్నదో వెదకి, అక్కడ కోరిన పేరు వ్రాయవలెను. ఇతరులు తీసికొననిదైనచో అది దొరకును. వెంటనే ఫోను మూసి, వేరొకరి ఫోనులో "ఫేస్‌బుక్ డాట్ కామ్" వ్రాసి, వాలుగీత పెట్టి, కొత్త పేరు చేర్చి తెరచి చూడవలెను. మన పేజీ వచ్చినచో పని పూర్తియైనది.

నేడే తెరచిన ఖాళీ పేజీకి పేరు పెట్టు అవకాశము వెంటనే కనబడకపోవచ్చును. నిరాశపడనక్కరలేదు. సంఘము ఫొటో, ఊరు, ఫోను నంబరు నింపి, పంట విశేషములు కొన్ని ప్రకటించి, కొలది దినములు గడచిన పిమ్మట మరల చూడవలెను. పేరు తీసికొని పేజీని పాడుపెట్టుటయు మంచిది కాదు. చాలకాలము కదలిక లేని పేజీల పేర్లను సంస్థవారు తీసివేయగలరు.

అచ్చుకు తొందర వద్దు. పేరు స్థిరపడి, పదిమంది వాడి చూచిన తరువాతనే సంచులపై వేయించవలెను. పేరు తరువాత మార్చినచో పాత చిరునామా అచ్చైన సంచులు, గోడ వ్రాతలు, క్యూఆర్ ముద్రలు అన్నియు ఎక్కడికీ దారితీయవు. యూట్యూబువారు పాత హ్యాండిలును పదునాలుగు దినములు మాత్రమే మనకొరకు నిలిపియుంచెదరు. తరువాత అది ఎవరి పాలైనను కావచ్చును. క్యూఆర్ ముద్రను గూడ నమూనా సంచిపై వేయించి, రెండు మూడు రకముల ఫోనులతో పరీక్షించి, ఆ పిమ్మట మొత్తము సరుకునకు అనుమతించవలెను. గోనె నేతపై సన్నని గళ్ళు అలుకుకొనిపోవును గనుక ముద్ర పెద్దదిగా నుండవలెను.

ఒక ఎకరము తోట గల ఒంటరి రైతు ఇదంతయు చూచి బెదరనక్కరలేదు. అతనికి పేజీయే అక్కరలేదు. వాట్సాపు నంబరునకే పొట్టి చిరునామా కలదు. "డబ్ల్యు.ఏ. డాట్ ఎం.ఇ." అని వ్రాసి, వాలుగీత పెట్టి, 91 చేర్చి, తన పది అంకెల నంబరు వ్రాసినచో అదే చిరునామా. నొక్కినవారికి అతనితో సంభాషణ తెరచుకొనును. పెట్టెకు అంటించు చీటీపై ఇది చాలును.

తాళములు ఎవరి వద్ద?

పేరు కుదిరిన సంతోషములో సంఘములు మరచునది ఇదియే. ఫేస్‌బుక్ పేజీ ఒక వ్యక్తి సొంత ఖాతా ద్వారా నడచును. సాధారణముగా ఊరిలో చదువుకొన్న యువకుడొకడు ముచ్చటపడి తన ఫోనులో పేజీ తెరచును. ఏడాదికి అతడు ఉద్యోగమునకు హైదరాబాదు పోవును, లేదా ఫోను పోగొట్టుకొనును, లేదా సంఘముతో మనస్పర్ధ వచ్చును. సంచులపై అచ్చైన పేరు, వేలమంది వాడుకరుల పరిచయము అతని ఖాతాలోనే చిక్కుకొనును. గోదాము తాళపుచెవి ఒక్కరి జేబులో నుంచు సంఘము ఉండదు గదా. దీనిని గూడ అట్లే చూడవలెను.

కనుక పేరును ఎన్నుకొన్న సమావేశములోనే తీర్మానము వ్రాయవలెను. పేజీ, దాని చిరునామా సంఘము ఆస్తి యనియు, ఫలానా ఇద్దరు లేక ముగ్గురు సభ్యులకు పూర్తి అధికారము ఇచ్చితిమనియు మినిట్సు పుస్తకమున చేర్చి సంతకములు తీసికొనవలెను. ఆ ఇద్దరి ఖాతాలకు రెండంచెల తనిఖీ ఏర్పాటు చేయించవలెను. యూట్యూబు మొదలగు వాటికి సంఘము పేర ఒక ఈమెయిలు, సంఘము పేర కొన్న సిమ్ము వాడుట ఉత్తమము. పదవిలోనివారు మారినపుడు బ్యాంకు సంతకములు మార్చిన రోజుననే పేజీ అధికారములను గూడ మార్చవలెను. వ్యవసాయ విస్తరణాధికారులు సంఘముల రికార్డులు చూచునపుడు ఈ పుటను గూడ అడిగి చూచినచో ఎన్నో తగవులు పుట్టకుండును.

పోలిక పేర్లతో మోసము

పేరు ప్రసిద్ధికెక్కిన కొలది దానిని పోలిన పేర్లు పుట్టును. చుక్కతో మోసగించుట ఫేస్‌బుక్‌లో సాగదని పైన చెప్పితిమి. అయితే చివర ఒక అక్షరము చేర్చుట, సున్నకు బదులు ఓ అక్షరము, చిన్న ఎల్‌కు బదులు పెద్ద ఐ పెట్టుట సాగును. మన ఫొటోలే తీసికొని, మన పేరును పోలిన చిరునామాతో పేజీ తెరచి, "ముందుగా డబ్బు పంపినవారికి తగ్గింపు ధర" అని ప్రకటించి, యు.పి.ఐ. ద్వారా సొమ్ము గుంజి మాయమగుదురు. నష్టపోయిన వాడుకరి మన సంఘమునే తిట్టును. సంచిపై చిరునామా అచ్చైయున్నచో అతనికి పోల్చి చూచుకొను ఆధారముండును.

రైతులు కొనుగోలుదారులుగా గూడ ఈ ఉచ్చులో పడుచున్నారు. విత్తనములు, మందులు, పథకముల సొమ్ము అని వచ్చు లింకులను నొక్కుటకు ముందు చిరునామాను చదువుట నేర్చుకొనవలెను. మొదటి ఒంటి వాలుగీతకు సరిగా ముందున్న భాగమే అసలు యజమానిని తెలుపును. అక్కడ "ఫేస్‌బుక్ డాట్ కామ్" అని ముగిసినచో అది ఫేస్‌బుక్ ఇల్లు. గీత తరువాతి పేరు అందులోని గది. ప్రభుత్వ సైట్లలో ఆ భాగము సాధారణముగా "జి.ఓ.వి. డాట్ ఐ.ఎన్."తో ముగియును. పి.ఎం. కిసాన్ పేరు మొదట నుండి, చివర వేరేదియో ఉన్నచో అది పి.ఎం. కిసాన్ కాదు.

సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, సొమ్ము బ్యాంకులో నిలిపివేయుటకు అంత అవకాశముండును. మన సంఘమును పోలిన దొంగ పేజీ కనబడినచో ఆ పేజీలోనే "రిపోర్టు" అను మాటను నొక్కి ఫేస్‌బుక్‌వారికి తెలుపవచ్చును. సభ్యులందరిచేతను ఫిర్యాదు చేయించుట మంచిది. దానికి ముందు ఆ పేజీ చిరునామాను, ప్రకటనను స్క్రీను షాట్ తీసి ఉంచుకొనవలెను, ఏలయన వారు పేజీ తీసివేసిన పిమ్మట పోలీసువారికి చూపుటకు మరేమియు మిగలదు.

వానాకాలపు సరుకునకు సంచులు అచ్చు వేయించు సంఘములు ఆర్డరు ఇచ్చుటకు కనీసము నెల ముందుగా పేరు కుదుర్చుకొనుట అవసరము. అప్పటికి కుదరనిచో, ఆ ఏటి సంచులపై ఫోను నంబరు మాత్రము వేయించి, చిరునామాకు చోటు ఖాళీగా వదలి, తరువాత రబ్బరు ముద్ర వేసికొనవచ్చును.